మా ఇంటి కంప్యూటర్‌కు రెండు పాళీలు

గేమింగ్ కంప్యూటర్ కొనాలా, గేమ్ కన్సోల్ కొనాలా అన్నది తేల్చుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఈ ప్రశ్న మీద ఫోన్లో ఎన్ని వీడియోలు చూశానో లెక్కలేదు. చెప్పే మనుషులు మారేవాళ్లు కానీ చెప్పేది మాత్రం ఒకటే. కన్సోల్ తెచ్చుకుంటే ఆడుకోవడం తప్ప దానితో ఇంకేమీ చెయ్యలేరు, కంప్యూటర్ తెచ్చుకుంటే ఆటా అవుతుంది, పనీ అవుతుంది అనేవాళ్లు. వాళ్లు దాన్ని కంప్యూటర్ గొప్పతనంగా చెప్పేవాళ్లు. నాకు మాత్రం ఆ మాట వినబడినప్పుడల్లా గుండెలో రాయి పడేది.

ఎందుకో తెలియాలంటే మా ఇల్లు తెలియాలి. సూరత్‌లో మాది ఒక గది, దాని వెనక వంటగది. నాన్న కుర్రవాడిగా ఉన్నప్పుడే కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చాడు. ఇప్పటికీ సూరత్ శివార్లలోని జోల్వాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతున్నాడు. అమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికిస్తుంది. వ్యాపారి మనిషి చీరల మూట తెచ్చి పడేసి వెళతాడు. ఆ మూటను ఇక్కడ పోట్లా అంటారు. మా ఇంట్లో మంచం ఉన్నది పడుకోవడానికే అయినా పగలంతా దాని మీద చీరలే పడుకుంటాయి. అన్నం తినే పళ్లేల్లో రంగురంగుల రాళ్లు ఉంటాయి. టీవీ కూడా అమ్మ చూసేది కాదు, చేతులు ఆడుతున్నప్పుడు చెవులకు తోడుగా మోగేది. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ కొన్నాళ్లకు ఏదో ఒక పనిలో చేరిపోతుంది. నేను కూడా అలాగే చేరాను.

నా పని పంచింగ్. రింగ్ రోడ్‌లో ఒక మార్కెట్ పై అంతస్తులో, కిటికీ లేని ఆఫీసులో చేస్తాను. ఎవరో కాగితం మీద పువ్వు గీసి ఇస్తే, ఆ పువ్వును ఎంబ్రాయిడరీ మిషన్‌కు అర్థమయ్యేలా కంప్యూటర్‌లో కుట్టు కుట్టుగా పెట్టాలి. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, దారం ఎక్కడ మారాలి, అంతా నేనే చెప్పాలి. ఒక్క కుట్టు తప్పితే అవతల మిషన్ మీద దారం తెగుతుంది, ఇవతల సేటు గొంతు లేస్తుంది. రోజంతా తెర చూసే మనిషికి ఇంటికి వెళ్లి మళ్లీ తెర చూడాలని ఎందుకు ఉంటుందని తోటివాళ్లు అడిగేవాళ్లు. అడగదగ్గ ప్రశ్నే.

ఒక దీపావళికి ముందు ఆఫీసులో పూజ అయిపోయి, మిఠాయి పంచి, పని ఆపేశారు. సేటు మేనల్లుడు తన కన్సోల్ తెచ్చి క్యాబిన్‌లోని టీవీకి తగిలించాడు. అందరూ తలా కాసేపు ఆడారు. చివర్లో కంట్రోలర్ నా చేతికి వచ్చింది. కారు ఆట అది. పోటీలో దిగొచ్చు, లేదంటే ఊరికే రోడ్డు మీద పోతూ ఉండొచ్చు. నేను ఊరికే పోయాను. ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో ఎవరూ లేని రోడ్డు. నేను బతుకులో స్కూటీ కూడా నడపలేదు. గోడకు గుద్దుకుంటూ, గడ్డిలో దిగుతూ, మళ్లీ ఎక్కుతూ అలా పోయాను. ఆ రోడ్డు మీద నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇది ఎప్పటికి అవుతుందని గానీ, ఇంకా ఎంత మిగిలిందని గానీ అడగలేదు. ఇంటికి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, నాకూ అదొకటి కావాలి అనుకున్నాను. పెద్దయ్యాక నా కోసం నేను ఏదైనా కావాలనుకోవడం అదే మొదలు.

కన్సోల్ అయితే టీవీ పక్కన పడి ఉంటుంది. దానితో ఎవరూ చీర కుట్టించలేరు, పువ్వు వేయించలేరు. నాకు దానిలో నచ్చిందే అది. కానీ ఇంట్లో ఆ మాట ఎలా అంటాను? నాన్న కంప్యూటరే అన్నాడు. అమ్మ కంప్యూటరే అంది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుంటే మిగులు పనంతా నీకే పంపిస్తానని సేటు ముందే ఆశ పెట్టాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు అమ్మ మెడ. వంగి వంగి రాళ్లు అతికించీ అతికించీ అమ్మకు మెడ తిప్పడం కష్టమైపోయింది. ఆ జిగురు వాసనకు దగ్గు పట్టుకుంది. ఇంటి దగ్గర నేను కొంచెం ఎక్కువ పని చేస్తే అమ్మ ఆ పోట్లాలు మానేయొచ్చు. కన్సోల్ కొంటే నాకు కాసేపు ఊపిరి, కంప్యూటర్ కొంటే అమ్మకు విశ్రాంతి. ఇలా పెట్టి చూస్తే ఏ కూతురైనా ఏం చేస్తుంది? గేమింగ్ కంప్యూటరే తీసుకుందాం, రెండూ అవుతాయి కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. వీడియోల్లో వాళ్లు చెప్పిన మాటే చివరికి నా నోట్లోంచి వచ్చింది.

కొనడానికి నాన్న కూడా వచ్చాడు. మగ్గాల చప్పుడుకు నాన్న చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. షాపు కుర్రాడు గ్రాఫిక్స్ కార్డ్ గురించి, ర్యామ్ గురించి చెబుతుంటే అన్నిటికీ తల ఊపి, నడుస్తున్న కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. మగ్గం బాగా నడుస్తోందో లేదో నాన్న అలాగే చూస్తాడు. తర్వాత షాపంతా వినబడేట్టు హిందీలో అడిగాడు.

"దో పాళీ చలేగా?"

పాళీ అంటే ఇక్కడ షిఫ్టు. పగలు ఒకరు, రాత్రి ఒకరు నడిపినా ఆగకుండా పని చేస్తుందా అని నాన్న ప్రశ్న. షాపు కుర్రాడు నవ్వి, కాకా, మూడు పాళీలు నడుపుకో, దీనికేం కాదు అన్నాడు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆయన అడిగింది నిజంగానే అని నాకు ఆ రోజు అర్థం కాలేదు.

కంప్యూటర్ వచ్చిన రోజు అమ్మ దానికి బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. లోపల ఫ్యాన్లకు రంగురంగుల లైట్లు వెలుగుతుంటే గణపతి మండపం లెక్క ఉందని మురిసింది. మొదటి వారం నేను నిజంగానే ఆడాను. అన్నం తిన్నాక కూర్చుని కొండల పక్క రోడ్డు మీద పోయేదాన్ని. అమ్మ వెనక నుంచి చూసేది.

"ఏడికి పోతున్నవే?" అని అడిగింది ఒకరోజు.

ఎక్కడికీ కాదన్నాను.

"ఏడికి పోకుంటే గంత తిరుగుడేంది మరి?"

నేను నవ్వి కారును సముద్రం వైపు తిప్పాను. అమ్మకు మాత్రం ఆ సముద్రం నచ్చింది. దారంతా ఒక్క మనిషి కూడా కనబడడేమని ఆశ్చర్యపోయింది.

తర్వాత సేటు మాట నిలబెట్టుకున్నాడు. ఫోన్‌లో పువ్వుల బొమ్మలు రావడం మొదలైంది. ఆదివారం కూడా పంచింగే. పోట్లాలు తగ్గించుకోమని అమ్మకు గట్టిగా చెప్పాను. సరే బిడ్డా అని, ఒక వారం తగ్గించింది. ఆ మరుసటి వారం మంచం మీద మళ్లీ ఎప్పటిలా చీరలే. నువ్వు పని చేస్తుంటే నేను ఊరికే కూర్చుని ఏం చెయ్యాలి అంది. నా పని అమ్మ పనిని తగ్గించలేదు. ఇంట్లో ఒక పని ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

ఇంకో నెలకు అసలు సంగతి జరిగింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా కుర్చీలో పక్కింటి కోడలు కూర్చుని ఉంది. ఊరి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పంచింగ్ క్లాసుకు వెళ్లి నేర్చుకుంది కానీ ఇంట్లో కంప్యూటర్ లేదు. నన్ను చూసి గబుక్కున లేచింది. కంప్యూటర్ ఆపలేదు, ఫైల్ మూయలేదు. ఇంత వరకు అయింది అక్కా, ఈ ఆకు మిగిలింది అని తెర మీద చూపించి వెళ్లిపోయింది. అచ్చం మగ్గం దగ్గర ఒక పాళీ మనిషి ఇంకో పాళీ మనిషికి అప్పజెప్పినట్టే.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మకు ఇందులో దాచడానికేమీ లేదు.

"నువ్వు పొద్దుగాల పోతే మాపటికి వస్తవు. మిషన్ దినమంత ఖాళీగ ఉంటాంది. గా పిల్లకు పగటి పాళీ ఇచ్చిన."

మగ్గాల మీద బతికిన ఇంటికి అది పట్టపగలంత స్పష్టమైన సంగతి. మిషన్ ఒకసారి కొన్నాక అది ఆగకూడదు. ఒకరు పడుకుంటే ఇంకొకరు నడపాలి. నాన్న జీవితంలో తాను దిగిపోతే ఆగిపోయిన మగ్గం ఒక్కటీ లేదు. ఆయన దిగుతుండగానే ఇంకొకరు వచ్చి అందుకునేవాళ్లు. షాపులో ఆయన అడిగిన రెండు పాళీలు ఇవేనని నాకు అప్పుడు తలకెక్కింది. ఆ రాత్రి నాన్న డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉందని తృప్తిగా తల ఊపాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. ఆ పిల్ల తనకు వచ్చే డబ్బులో అమ్మకు కొంత వాటా ఇస్తోంది. ఆ వాటా వచ్చాక అమ్మ నిజంగానే ఒక పోట్లా తక్కువ తెచ్చుకుంటోంది. నేను పగలూ రాత్రీ చేసి సాధించలేనిది ఆ పిల్ల పగటి పాళీతో సాధించింది. పైగా తన చేతి సంపాదన మొదటిసారి చూసుకుని ఎంత సంతోషపడిందో, మా అమ్మకు గాజులు తెచ్చి ఇచ్చింది. ఇక నేను ఏ ముఖం పెట్టుకుని వద్దంటాను? నాకు కారు ఆట ఆడుకోవాలని ఉంది కాబట్టి నువ్వు రావద్దమ్మా అంటానా?

అలా రోజులు పోయాయి. ఆ పిల్లకు పని పెరిగింది, పగటి పాళీ సాయంత్రం దాటింది. నేను వచ్చి, చేతులు కడుక్కుని, తిని, నా ఇంట్లో నా కుర్చీ కోసం మంచం అంచున కూర్చునేదాన్ని. ఖాళీ అయ్యాక సేటు పంపిన పువ్వులు ఉండేవి. ఎప్పుడైనా అన్నీ అయిపోయి ఆట తెరిస్తే, చాలా రోజులకు తెరిచానని అది అప్‌డేట్ అడిగేది. తెర మీద గీత మెల్లగా నిండుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అది నిండేసరికి నాకు కళ్లు మూతపడేవి. నేను నడిపిన రోడ్డు కంటే చూసిన ఆ గీతే ఎక్కువ. ఆ కన్సోల్ కొనుక్కున్నా బాగుండేది అని ఒక్కోసారి అనిపించేది. మళ్లీ అమ్మ మెడ గుర్తొచ్చి, అలా అనుకున్నందుకు నా మీద నాకే విసుగొచ్చేది. అలసిపోయినప్పుడు మనిషికి ఆలోచనలు కూడా చిన్నవైపోతాయి.

ఒక శనివారం ఆఫీసులో రోజంతా ఒకే నెమలి బొమ్మను నాతో మూడుసార్లు మార్పించారు. సాయంత్రం ఇంటికి వస్తే పక్కింటి పిల్ల ఇంకా పని మీదే ఉంది. మంచం నిండా చీరలు. కూర్చోవడానికి జాగా లేక, కాళ్ల చెప్పులు కూడా విప్పకుండా గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఏమైందని అమ్మ అడిగింది. ఏమీ లేదు అనబోయాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"నాకు ఆడుకోవాలనున్నదే అమ్మా."

నా వయసు ఆడదానికి ఊళ్లో ఇద్దరు పిల్లలుంటారు. ఆ మాట నాకే వింతగా వినబడింది. పక్కింటి పిల్ల చేతులు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చేసింది. అలసిపోయిన, ఇగ నాతోని కాదు అన్నాను. ఆ పిల్ల మెల్లగా లేచి, ఫైల్ సేవ్ చేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

అమ్మ నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. అమ్మ జిగురు ట్యూబుకు మూత పెట్టింది. చేతిలోని చీర మడిచి పక్కన పెట్టింది.

"నేను గూడ అలసిన బిడ్డా," అంది. "ఎవ్వలకు చెప్పాల్నో తెల్వక చెప్పలే. మీ నాయనకు చెప్దామంటే ఆయనకు ఇనవడదాయె."

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. అమ్మకు కూడా వచ్చింది. నాన్న ఆ వారం రాత్రి పాళీలో జోల్వాలో ఉన్నాడు.

మర్నాడు అమ్మ తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో ఈ సమస్య తేల్చింది. పక్కింటి పిల్లను పిలిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పాళీలు పంచింది. పగలు ఆ పిల్లది. దీపం పెట్టే వేళకు దిగిపోవాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నాది, అది ఆట పాళీ. ఆ పాళీలో పని ముట్టుకోకూడదు. విశ్రాంతి అనే మాట అమ్మకు తెలియదని కాదు. మా ఇంట్లో ఏదైనా జరగాలంటే దానికి ఒక పాళీ ఉండాలి, అంతే. నాన్నకు చెవి దగ్గర అరిచి చెబితే, అలా రాసిపెట్టుకుంటేనే గొడవ ఉండదని మెచ్చుకున్నాడు.

మొదటి ఆదివారం నేను ఒక చిన్న ఫైల్ మిగిలిందని తెరిచాను. అమ్మ వంటగదిలోంచే పసిగట్టింది. పాళీ టైముల గిసొంటి యేషాలు ఏస్తే ఏ సేటు ఊకుంటడే అని కసిరింది. ఫైల్ మూసేసి కారెక్కాను. ఆడుకోవడానికి తిట్లు తినే ఆడపిల్ల సూరత్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అన్ని ఆదివారాలూ బాగా జరిగాయని చెప్పలేను. సేటు అత్యవసరం అంటూ ఫోన్ చేసిన ఆదివారాలు ఉన్నాయి, కరెంటు పోయినవి ఉన్నాయి. ఆడుతూ కూడా సోమవారం గురించే ఆలోచించిన రోజులు ఉన్నాయి. అలసట ఒక పాళీతో దిగిపోయేది కాదు. అయినా ఆ పాళీ కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. అమ్మ మాత్రం ఆ వేళల్లో కూడా రాళ్లు అతికిస్తూనే ఉండేది. ఎంత చెప్పినా నీ పాళీ నీది, నా పని నాది అనేది.

మొన్నటి ఎండాకాలంలో ఒక ఆదివారం. కారు తీసి కాస్త దూరం వెళ్లాను. సముద్రం పక్కన ఆపి, అలలు చూద్దామని చేతులు బల్ల మీద పెట్టి వాటి మీద తల ఆనించాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి గదిలో వెలుగు తగ్గింది. గుమ్మం దగ్గర పక్కింటి పిల్ల గొంతు వినబడుతోంది. రేపు పొద్దున్నే ఇవ్వాల్సిన ఫైల్ ఒకటి ఉందట, జర కూసుంటా పెద్దమ్మా అని బతిమాలుతోంది.

నా పాళీ అంతా నిద్రలోనే పోయిందని దిగులేసింది. లేచి కుర్చీ ఇచ్చేద్దామని తల ఎత్తబోయాను. అంతలో అమ్మ గొంతు వినబడింది. నాన్నతో మాట్లాడీ మాట్లాడీ మా అమ్మది ఎప్పుడూ పెద్ద గొంతే. అప్పుడు మాత్రం చాలా మెల్లగా మాట్లాడింది.

"ఆగు పిల్లా. దాని పాళీ ఇంక కాలే."

"అక్క పండుకున్నది గద పెద్దమ్మా. మిషన్ ఖాళీగనే నడుస్తాంది."

"నడవనియ్యి," అంది అమ్మ. "నువ్వు చీకటి పడ్డంక రా. నేను గూడ జర నడుము వాలుస్త."

పక్కింటి పిల్ల చెప్పుల చప్పుడు దూరమైంది. అమ్మ మంచం మీది చీరలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టడం వినబడింది. మంచం కిర్రుమంది. పగటి వెలుతురులో మా అమ్మ ఆ మంచం మీద పడుకోవడం నాకు తెలిసి అదే మొదలు. నేను తల ఎత్తితే లేచి కూర్చుంటుందని భయపడి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాను.